ర్యాలీకి పిలిచి ఠాణాలో వదిలేసే నాయకులకు

దక్షిణ ఒడిశాలోని అన్ని పార్టీల శాసనసభ్యులకు, మాజీలకు, వచ్చే ఎన్నికల్లో టిక్కెట్టు కోసం తిరుగుతున్నవారికి,

నమస్కారం.

మీలో ఎవరు ఏ పక్షాన కూర్చున్నారన్న లెక్క ఈ లేఖకు అవసరం లేదు. 2024 జూన్‌లో కుర్చీలు మారాయి. ఇరవై నాలుగేళ్లు రాష్ట్రాన్ని ఏలినవారు ఇప్పుడు రోడ్డెక్కి బారికేడ్లు తోస్తున్నారు. ఒకప్పుడు బారికేడ్లు తోసినవారు ఇప్పుడు వాటిని వేయిస్తున్నారు. అన్నట్టు, ఆ ఇరవై నాలుగేళ్లలో మొదటి తొమ్మిదేళ్లు ఇవాళ్టి పాలకపక్షం కూడా ప్రభుత్వంలో భాగస్వామే. కాబట్టి పోలీసుల తీరు గురించి ఎవరూ కొత్తగా ఆశ్చర్యపోనక్కర్లేదు. మీరు అటు ఇటు మారుతున్నారు గాని, దెబ్బలు తినే వీపులు మాత్రం మావే.

నేను గుణుపూర్ ప్రాంతంలో పాఠాలు చెప్పి రిటైరైన ఉపాధ్యాయుణ్ని. ఒడియా, తెలుగు రెండూ చదవడం వచ్చు గనుక చుట్టుపక్కల ఊళ్ల తెలుగువాళ్లు తమకొచ్చిన కాగితాలన్నీ నా దగ్గరికి తెస్తారు. భూమి పట్టా, బ్యాంకు నోటీసు, ధాన్యం టోకెను, ఏదైనా సరే. మావాళ్లకు ఒడియా మాట్లాడటం బాగానే వచ్చు. సంతలో బేరమాడతారు, బస్సులో పోట్లాడతారు, పెళ్లిళ్లలో పాడతారు కూడా. లిపి మాత్రం చాలామందికి రాదు, ముఖ్యంగా నలభై దాటినవారికి. ఈ మధ్య నా అరుగు మీదికి కోర్టు కాగితాలు ఎక్కువగా వస్తున్నాయి. వాటిలో సగానికి పైగా మీ ర్యాలీల పుణ్యమే.

ఒక కాగితం గురించి చెబుతాను.

ధాన్యం కొనే మండీలో ‘కట్నీ-ఛట్నీ’ అంటే ఏమిటో ఇక్కడి రైతుకు వేరే చెప్పనక్కర్లేదు. తేమ ఎక్కువని, తాలు ఉందని బస్తాకు ఇంతని కోసేయడం. దాని మీద మీలో ఒక పార్టీ వారు బ్లాకు ఆఫీసు గెరావ్‌కు పిలుపునిచ్చారు. మంచి పిలుపే. రైతులు కదిలారు. వాళ్లను, మీ జెండా కర్రలను రానుపోను కిరాయికి ఎక్కించుకుని ఒక ఆటో కుర్రవాడు వెళ్లాడు. ఆఫీసుకు కొంత దూరంలో పోలీసులు ఆపారు. మైకులో ఏదో చదివారు. వెనక ఉన్నవారికి అది వినపడేలోగా ముందున్నవారు వెనక్కి పరుగెత్తుకొచ్చారు.

ఆ రోజు రెండు రకాల అరెస్టులు జరిగాయి. మెడలో కండువాలతో, ఫొటోలకు చేతులూపుతూ నాయకులు బస్సెక్కారు. వారిని ఒక కల్యాణ మండపంలో కూర్చోబెట్టి, టీ ఇచ్చి, సాయంత్రానికి పంపేశారు. మిగిలినవారిలో దొరికినవారిని ఠాణాకు తీసుకెళ్లి మర్నాడు కోర్టు చాలాన్ చేశారు, అంటే కేసు రాసి మెజిస్ట్రేటు ముందుకు పంపారు. ఆటో కుర్రవాడు ఈ రెండో రకం. వాళ్లమ్మ కొడుకు కోసం ఒక ఠాణా నుంచి ఇంకో ఠాణాకు తిరిగింది. అరెస్టయినవారి పేర్లు ప్రతి ఠాణాలో అందరికీ కనపడేలా ప్రదర్శించాలని, అందుకు ఒక అధికారిని బాధ్యుణ్ని చేయాలని, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 37వ సెక్షన్ చెబుతోంది. ఆమెకు కనిపించిన బోర్డు మీద పాత దొంగతనాల సంఖ్యలు ఉన్నాయి.

బెయిలు మీద వచ్చిన తరువాత అతను తెచ్చిన కాగితం అరెస్టు మెమో. ఒడియాలో చేత్తో నింపింది. కారణాల గడిలో ‘గుంపు ముందు వరుసలో ఉండి, చేత రాయి పట్టుకుని, ప్రభుత్వోద్యోగి విధులకు అడ్డుపడ్డాడు’ అని ఉంది. ఆ రాత కింద ముత్యాల్లాంటి తెలుగు అక్షరాలతో అతని సంతకం. “ఆటో తిరిగి ఇస్తామన్న కాగితమని చెప్పారు మాస్టారూ, అందుకే పెట్టాను” అన్నాడు. అతన్ని పట్టుకున్నది ఉదయం పదకొండు దాటాక అని తోటివాళ్లు నలుగురూ చెబుతున్నారు. మెమోలో అరెస్టు సమయం రాత్రి ఏడున్నర. ఈ ఎనిమిది గంటలు ఎక్కడికి పోయాయో అనుకునేరు. మెజిస్ట్రేటు ముందు హాజరుపరచడానికి రాజ్యాంగం 22వ అధికరణ ఇచ్చిన ఇరవై నాలుగు గంటల గడువు ఎప్పుడు మొదలవుతుందో ఆ గడిలో రాసిన అంకెను బట్టే తేలుతుంది. సాక్షుల గడిలో ఇద్దరి పేర్లు ఉన్నాయి. అదే రోజు అరెస్టయిన మిగతావారి మెమోల్లోనూ ఆ ఇద్దరే. ఒకే సమయంలో అన్ని చోట్లా ఉండగలిగిన ఆ మహానుభావులెవరో తెలుసుకోవాలని నాకు ఇప్పటికీ కుతూహలం.

ఠాణా పేరు రాయడం లేదు. అది ఒక్క ఠాణా సంగతే అయితే ఈ లేఖ ఎస్పీగారికి రాసేవాణ్ని.

మీకు రాయడానికి కారణం ఉంది. దానికి ముందు, ఒడియా లిపి రాని తెలుగువాడికి ఒడియా కాగితం ఇస్తే తప్పేమిటి, ఇది ఒడిశా కదా అనేవారికి ఇదే రాష్ట్రం నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన ఒక కేసు గుర్తుచేయాలి. 1967 డిసెంబరులో హడిబంధు దాస్ అనే ఆయన్ను ముందస్తు నిర్బంధ చట్టం కింద పట్టుకుని, కటక్ జిల్లా మెజిస్ట్రేటు పద్నాలుగు టైపు పేజీల ఉత్తర్వు చేతిలో పెట్టారు. అంతా ఇంగ్లీషు. ఆయనకు ఇంగ్లీషు రాదు. ఒడియా అనువాదం నెల రోజుల తరువాత ఇచ్చారు. అంత చిక్కు ఉత్తర్వును నోటితో వివరించామంటే చాలదని, మనిషికి అర్థమయ్యే భాషలో, అతను చదవగల లిపిలో ఇవ్వకపోతే కారణాలు తెలిపినట్టే కాదని సుప్రీంకోర్టు 1968లో చెప్పి ఆయన్ను విడిపించింది. లిపి అన్న మాట కోర్టే అన్నది. ఒక ఒడియా పౌరుడు ఇంగ్లీషు మీద గెలిచిన ఆ హక్కు గజపతి, రాయగడ, గంజాం, కొరాపుట్ జిల్లాల తెలుగువాడికి, కుయీ, సవర మాట్లాడే ఆదివాసీకి ఒడియా దగ్గరకు వచ్చేసరికి ఎందుకు ఆగిపోవాలి?

అది ముందస్తు నిర్బంధం కేసు, మామూలు అరెస్టుకు వర్తించదని వాదించేవారు ఇన్నాళ్లూ ఉన్నారు. 2025 నవంబరులో మహారాష్ట్ర నుంచి వచ్చిన మిహిర్ రాజేష్ షా కేసులో ఆ వాదన కూడా ముగిసింది. నేరం ఏదైనా సరే, అరెస్టుకు కారణాలు రాతపూర్వకంగా, అరెస్టయిన మనిషికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. అక్కడికక్కడ వీలుకాక నోటితో చెప్పినా, రిమాండు కోసం మెజిస్ట్రేటు ముందుకు తీసుకెళ్లడానికి కనీసం రెండు గంటల ముందు కాగితం చేతికి అందాలి. లేకపోతే ఆ అరెస్టు, ఆ రిమాండు రెండూ చెల్లవు. మా ప్రాంతపు ఠాణాల్లో తెలుగు చదవగల కానిస్టేబులో, హోంగార్డో ఎవరో ఒకరు ఉంటారు. ఎదురు వీధిలో తెలుగు టైపు చేసే జిరాక్సు కొట్టు ఉంటుంది. కష్టమైన పనేమీ కాదు, చేయించేవారు లేరు.

ఇక ఈ లేఖ మీకే ఎందుకో చెబుతాను.

లాఠీ దెబ్బ అన్యాయంగా పడిందనుకుందాం. తిన్నవాడు కేసు పెట్టాలి. ఎవరి మీద? ఖాకీ చొక్కా మీద పేరు పట్టీ స్పష్టంగా కనపడాలని, అరెస్టుల తీరు మీద సుప్రీంకోర్టు నియమాలు పెట్టిన డి.కె. బసు కేసు దగ్గర నుంచి, ఇప్పుడు సంహిత 36వ సెక్షన్ దాకా రాసి ఉంది. ర్యాలీ రోజున ఆ పట్టీలు చాలా చొక్కాల మీద ఉండవు. సరే, ఎలాగో పేరు తెలిసింది. అప్పుడు అడ్డం వచ్చేది అనుమతి. విధి నిర్వహణలో చేసిన పనికి ప్రభుత్వోద్యోగి మీద కోర్టు విచారణ చేపట్టాలంటే ప్రభుత్వం ముందుగా అనుమతించాలి. పాత చట్టంలో 197, కొత్తదాంట్లో 218వ సెక్షన్. అధికారి పరిధి మీరినా సరే, ఆ పనికీ విధికీ సహేతుకమైన సంబంధం ఉంటే ఈ రక్షణ వర్తిస్తుందని 2020లో కర్ణాటక పోలీసుల కేసు దేవరాజలో సుప్రీంకోర్టు చెప్పింది. మనిషిని పట్టుకోవడం విధి, పట్టుకునేటప్పుడు కొట్టడం విధికి సంబంధించినది, కాబట్టి అనుమతి కావాలి. ఇలా నడుస్తుంది తర్కం.

2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త సంహితలో ఒక మంచి మార్పు ఉంది. 218 కింద అనుమతి అడిగితే ప్రభుత్వం 120 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోతే ఇచ్చినట్టే లెక్క. ఇది చదివి నేనూ సంతోషించాను. కాని మరికొన్ని పేజీలు వెనక్కి తిప్పితే 151వ సెక్షన్ కనిపిస్తుంది. చాలామంది దాని వైపు చూడరు. గుంపులను చెదరగొట్టే అధికారాలు 148 నుంచి 150 వరకు ఉన్నాయి. వాటి కింద చేశామని చెప్పుకునే ఏ పనికైనా రాష్ట్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ప్రాసిక్యూషన్ మొదలు పెట్టకూడదని 151 అంటుంది. సదుద్దేశంతో చేసిన అధికారి అసలు నేరమే చేయనట్టు అని కూడా అంటుంది. ఇక్కడ 120 రోజుల గడువు లేదు. అంటే విధి నిర్వహణలో చేసిన వేరే పనికి కేసులో ఇరుక్కున్న ఉద్యోగికి ఉన్న గడియారం, ఊరేగింపు మీద లాఠీ ఎత్తిన ఉద్యోగికి లేదు. అర్జీ ఫైలులో ఎన్నేళ్లు పడుకున్నా లేపే దిక్కులేదు. పైగా 223వ సెక్షన్‌లో ఇంకో మెట్టు కట్టారు. పోలీసు అధికారి మీద ప్రైవేటు ఫిర్యాదు చేస్తే, మెజిస్ట్రేటు దాన్ని చేపట్టే ముందే ఆ అధికారి వాదన వినాలి, ఆయన పై అధికారి నివేదిక తెప్పించుకోవాలి. రాయి పట్టుకున్నాడని ఆటో కుర్రవాడి మీద రాసేముందు ఎవరి నివేదికా తెప్పించుకోలేదు.

ఇప్పుడు అర్థమైందనుకుంటాను. ఆ అనుమతి తాళం ‘రాష్ట్ర ప్రభుత్వం’ చేతిలో ఉంది. రాష్ట్ర ప్రభుత్వం అంటే మీలో సగం మంది. ఆ తాళం ఎప్పుడు తీశారు, ఎప్పుడు తీయలేదు అని సభలో అడిగే హక్కు ఉన్నది మిగతా సగం మందికి. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు లాఠీచార్జి మీద మీరు చేసే ప్రసంగాలు విని చెవులు చిల్లులు పడ్డాయి. 151 కింద ఎన్ని అర్జీలు వచ్చాయి, ఎన్నిటికి అనుమతి ఇచ్చారు, ఎన్ని ఎన్నేళ్లుగా మూలుగుతున్నాయి అని సభలో మీరు అడిగితే వినాలని ఉంది. ‘మా కార్యకర్తల మీద కేసులు ఎత్తివేయాలి’ అనే మాట వినిపిస్తుంది గాని, అందులో ఆటో కుర్రవాడు రాడు. అతను మీ కార్యకర్త కాడు, మీకు కిరాయికి బండి తోలినవాడు.

పరిహారం దారి వేరే ఉంది కదా అంటారు. ఉంది. అదీ ఒడిశా తల్లి ఒకామె వేసిన దారే. 1987 డిసెంబరు 1న సుందర్‌గఢ్ జిల్లాలో సుమన్ బెహరా అనే ఇరవై రెండేళ్ల యువకుణ్ని పోలీసు అవుట్‌పోస్టుకు తీసుకెళ్లారు. మర్నాడు రైలు పట్టాల మీద శవం. కట్టిన తాడును పళ్లతో కొరికి పారిపోయి రైలు కింద పడ్డాడని పోలీసులు చెప్పారు. తల్లి నీలబతి బెహరా సుప్రీంకోర్టుకు ఉత్తరం రాసింది. దాన్నే పిటిషనుగా తీసుకుని 1993లో కోర్టు ఆ తాడు కథను తోసిపుచ్చి, లక్షా యాభై వేల రూపాయల పరిహారం ఇమ్మంది. ప్రాథమిక హక్కుల ఉల్లంఘన జరిగినచోట ‘సార్వభౌమాధికార రక్షణ’, అంటే ప్రభుత్వాధికారంతో చేసిన పనికి పరిహారం కట్టనక్కర్లేదన్న సాకు పనికిరాదని తేల్చింది. అంతకుముందు 1965లో, మీరట్‌లో ఒక వ్యాపారి దగ్గర పోలీసులు పట్టుకున్న బంగారాన్ని హెడ్ కానిస్టేబులే కాజేసి పాకిస్తాన్ పారిపోతే, అది ప్రభుత్వ సార్వభౌమ విధిలో జరిగిందని నష్టపరిహారం నిరాకరించిన కోర్టు కూడా అదే. అక్కడి నుంచి ఇక్కడిదాకా రావడం చిన్న సంగతి కాదు. అప్పటి కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైల్లో బాంబులు పడి ఖైదీ చనిపోయిన కేసులో 2000లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ ఇదే మాట చెప్పింది. అయితే పరిహారం వచ్చేది ఖజానా నుంచి, అంటే మన పన్నుల్లోంచే. తప్పు చేసిన చేతికి ఏమైందన్న ప్రశ్న 151 గుమ్మం దగ్గరే నిలబడి ఉంటుంది.

ఈ నేల మీద ఆ ప్రశ్న కొత్తది కాదు. కాశీపూర్ బ్లాకు మైకంచ్‌లో 2000 డిసెంబరు 16న బాక్సైటు తవ్వకాలను వ్యతిరేకించిన ఆదివాసీల మీద కాల్పుల్లో ముగ్గురు పోయారు. నారాయణపట్నంలో 2009 నవంబరు 20న పోలీసు స్టేషను ముందు ఇద్దరు పోయారు. 2024 సెప్టెంబరులో భువనేశ్వర్ భరత్‌పూర్ ఠాణాలో తమను హింసించారని ఒక సైనికాధికారి, ఆయన కాబోయే భార్య ఆరోపించినప్పుడు మాత్రం ప్రభుత్వం రోజుల్లో కదిలింది. అయిదుగురు పోలీసులు సస్పెండయ్యారు, న్యాయ విచారణ సంఘం వచ్చింది. ప్రతి ఠాణాలో సీసీ కెమెరాలు ఉండాలని సుప్రీంకోర్టు 2020లోనే ఆదేశించినా రాజధానిలోని ఆ ఠాణాలో అవి లేవని అప్పుడు బయటపడింది. కదిలినందుకు తప్పుపట్టను. ఆ వేగం గుణుపూర్ దాకా రావడానికి మావాళ్లు కూడా సైన్యంలో చేరాలా అని మాత్రం అడుగుతున్నాను.

పోలీసుల వైపు నుంచీ ఒక మాట. ఆ లాఠీ పట్టుకున్న కానిస్టేబుళ్లలో నా దగ్గర చదువుకున్నవాళ్లున్నారు. ఎండలో పొద్దుటి నుంచి నిలబడి, అన్నం పొట్లం రాక, గుంపులోంచి వచ్చిన రాయి తగిలి కుట్లు వేయించుకున్నవాణ్ని చూశాను. 19వ అధికరణ ఇచ్చింది శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా గుమిగూడే హక్కును. రాయి విసిరినవాడికి ఆ అధికరణ అడ్డురాదు, రాకూడదు కూడా. రోడ్డును రోజుల తరబడి దిగ్బంధించడం హక్కు కాదని షహీన్‌బాగ్ తీర్పులో 2020లో సుప్రీంకోర్టువారు చెప్పారు. ఒప్పుకుందాం. కాని వీధిలో సభ పెట్టుకునే హక్కును ప్రభుత్వం క్రమబద్ధం చేయవచ్చు గాని మొత్తంగా లాగేసుకోలేదని హిమ్మత్‌లాల్ షా కేసులో 1972లోనే చెప్పారు. నిషేధాజ్ఞలను న్యాయమైన అసమ్మతి నోరు నొక్కడానికి వాడకూడదని, ఆ ఉత్తర్వులను ప్రచురించాలని 2020 జనవరిలో అనురాధా భసీన్ కేసులో చెప్పారు. మా బ్లాకు ఆఫీసు దగ్గర మైకులో చదివిన 163వ సెక్షన్ (పాత 144) నిషేధ ఉత్తర్వు కాగితాన్ని ఆ తరువాత కూడా ఎవరూ ఎక్కడా అతికించలేదు. ఆ ఉత్తర్వును ధిక్కరించారన్న సెక్షన్ మాత్రం అందరి కేసుల్లోనూ ఉంది. అసలు ఆ నేరాన్ని కోర్టు చేపట్టాలంటే సంబంధిత అధికారి స్వయంగా రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వాలని 215వ సెక్షన్ అంటుంది. పోలీసు చార్జిషీటుతో సరిపోదు. ఈ ఒక్క మాట చెప్పే వకీలు దొరక్క ఎన్ని కుటుంబాలు వాయిదాలకు తిరుగుతున్నాయో మీకు తెలియదనుకోను.

కాబట్టి అడుగుతున్నవి పెద్దవి కావు. మీరు ర్యాలీకి పిలిచినప్పుడు వచ్చినవారి పేర్లు ఒక పుస్తకంలో రాయించండి. జెండా పట్టినవారివే కాదు, బండి తోలినవారివి, నీళ్లు మోసినవారివి కూడా. వంటకు మనిషిని పెట్టుకున్నట్టే ఒక వకీలును పెట్టుకోండి. ఖర్చనుకుంటే, కస్టడీలో ఉన్న ఎవరికైనా జిల్లా న్యాయసేవా సంస్థ ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 చట్టంలోనే ఉంది, అక్కడికి ఒక ఫోను చేయండి. మిమ్మల్ని కల్యాణ మండపం నుంచి వదిలిన సాయంత్రం నేరుగా ఇంటికి పోకండి. ఆఖరి మనిషి బయటికి వచ్చేదాకా ఠాణా అరుగు మీద కూర్చోండి. మీరక్కడ కూర్చుంటే మెమోలో పదకొండు గంటలు ఏడున్నర కావు. ఇది నేను ఊహించి చెబుతున్నది కాదు, ఒకసారి ఒక మాజీ సర్పంచి అలా కూర్చుంటే ఏం జరిగిందో చూసి చెబుతున్నది. ఆ రాత్రి అందరినీ పూచీకత్తు మీద పంపేశారు.

ప్రభుత్వంలో ఉన్నవారు సరిహద్దు జిల్లాల ఠాణాలకు తెలుగు, కుయీ, సవర భాషల్లో అరెస్టు కారణాల నమూనా పత్రాలు అచ్చు వేయించవచ్చు. సవరకు తెలుగు లిపి పెట్టాలా, ఒడియా లిపా, వాళ్ల సొంత లిపి సోరంగ్ సొంపెంగా అన్నది ఆ మనుషులనే అడగండి. పర్లాకిమిడిలో ఉండి సవర నేర్చుకుని, ఆ భాషకు పుస్తకాలు రాసిన గిడుగు రామమూర్తి పంతులు నూరేళ్ల కిందట చేసిన పని ముందు ఇది ఎంత? 151కి గడువు పెట్టడం పార్లమెంటు పని అని తప్పించుకోవద్దు. క్రిమినల్ ప్రొసీజరు ఉమ్మడి జాబితాలోది. రాష్ట్రపతి ఆమోదం తీసుకుంటే రాష్ట్ర శాసనసభ కూడా సవరణ తేగలదు.

సభలో అడగాల్సిన ప్రశ్న ఒడియాలోనే రాసి సిద్ధంగా ఉంచాను. గత పదేళ్లలో 151 కింద, దాని పాత రూపమైన 132 కింద వచ్చిన అర్జీలెన్ని, అనుమతించినవెన్ని, నిరాకరించినవెన్ని, ఏదీ తేల్చనివెన్ని, జిల్లాలవారీగా. ఏ పార్టీ సభ్యుడు అడిగినా పంపుతాను. సంతకం మీది. పైన ఏమి రాసి ఉందో చదివాకే పెట్టండి.

ఇట్లు,
రాయగడ జిల్లాకు చెందిన ఒక రిటైర్డు ఉపాధ్యాయుడు